సర్దుబాటా, దిద్దుబాటా?

పోయిన మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్ళయింది. దాన్ని పెళ్ళికూతుర్ని చేసిన రోజు సంగతి ఇది. తలకి నూనె అంటి, నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి, కొత్త చీర కట్టి పీట మీద కూర్చోబెట్టాం. వచ్చిన ముత్తైదువలంతా వరసగా అక్షింతలు వేస్తున్నారు. అక్షింతలతో పాటు తలా ఒక సలహా కూడా వేస్తున్నారు.

"ఓర్పుగా ఉండాలమ్మా, ఆడదానికి ఓర్పును మించిన నగ లేదు."

"మగవాడన్నాక కోపం ఉంటుంది. నువ్వే ఓ మెట్టు తగ్గాలి."

"పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు."

"సర్దుకుపోవాలి తల్లీ. సర్దుకుపోతేనే సంసారం."

నేను హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి లెక్కపెట్టాను. మొత్తం పదకొండు మంది. పదకొండు మందీ చెప్పింది ఒకటే మాట. ఆ పిల్లకి ఇరవయ్యేడేళ్ళు. ఆఫీసులో తన కింద ఆరుగురు పనిచేస్తారు. అందరికీ బుద్ధిగా తలూపింది. ఊపక ఏం చేస్తుంది, నెత్తి మీద అంత నూనె ఉంటే!

చివరికి మా పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నీది ఇరవై నాలుగేళ్ళ కాపురం. ఏవేవో రాస్తూంటావు కూడా. నువ్వూ నాలుగు మంచి మాటలు చెప్పవే పిల్లకి" అంది.

"చెప్తాను పెద్దమ్మా. అబ్బాయి కూడా పక్కన ఉన్నప్పుడు చెప్తాను" అన్నాను.

గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో కాఫీలు వచ్చాయేమో చూస్తామని లేచారు.

నేనేం తప్పన్నానో నాకు ఇప్పటికీ తెలీదు. అదే రోజు, దాదాపు అదే సమయానికి, వాళ్ళింట్లో ఆ అబ్బాయిని కూడా పెళ్ళికొడుకుని చేశారు. వాడి తలకీ నూనె పెట్టారు, వాడికీ అక్షింతలు వేశారు. పెళ్ళయ్యాక వాళ్ళ అక్కని ఊరికే అడిగాను, "మీ తమ్ముడికి ఆ రోజు ఏం చెప్పారమ్మా?" అని. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఏం చెప్తామండీ, ఫోటోల్లో కాస్త నవ్వరా అన్నాం" అంది.

చూశారా! ఇద్దరు కలిసి మొదలుపెట్టే కాపురం. ఒకరికి పదకొండు పాఠాలు. ఇంకొకరికి ఫోటోలో నవ్వమని ఒకే ఒక్క పాఠం. రేపు ఆ కాపురంలో తేడా వస్తే పాఠాలు విన్న పిల్లనే అడుగుతాం, "అంత చెప్పామే, ఎందుకు సర్దుకుపోలేదు?" అని.

ఇక్కడ నన్ను అపార్థం చేసుకోకండి. సర్దుకోవడం అక్కర్లేదని నేననడం లేదు. మన పల్లెవెలుగు బస్సు ఎక్కినవాళ్ళందరికీ తెలుసు. ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి చంటిపిల్లతో ఒకావిడ వచ్చి, "కాస్త సర్దుకోండమ్మా" అంటుంది. కిటికీ పక్కనున్నావిడ ఇంకాస్త లోపలికి జరుగుతుంది. మధ్యలో ఆవిడ సంచీ ఒళ్ళోకి తీసుకుంటుంది. చివర కూర్చున్నావిడ కాళ్ళు ముడుచుకుంటుంది. నలుగురూ ఊరు చేరతారు. సర్దుకోవడమంటే అది. అందరూ తలా కాస్తా జరగడం.

కిటికీ దగ్గర కూర్చున్నాయన కాళ్ళు బారజాపుకుని కదలకుండా ఉండి, చివర కూర్చున్నావిడనే జరగమంటే? ఆవిడ జరిగి జరిగి నడవలో పడుతుంది. దాన్ని కూడా మనం సర్దుకుపోవడమనే అంటున్నాం. 'సర్దుకోవడం' వేరు, 'సర్దుకుపోవడం' వేరు. ఆ చివరున్న 'పోవడం'లోనే ఉంది కిటుకంతా.

అసలు మన పెళ్ళిలో ఎవరు ఎవరికి మాటిస్తారో ఎప్పుడైనా గమనించారా? మంగళవాయిద్యాల మోత, వీడియో లైట్లు, "అటు తిరగండి సార్" అనే ఫోటోగ్రాఫరు, వీటన్నిటి మధ్య కన్యాదానం దగ్గర ఒక ముఖ్యమైన మాట జరిగిపోతుంది. మా అమ్మాయిని ధర్మంలోనూ, అర్థంలోనూ, కామంలోనూ అతిక్రమించి పోకూడదు సుమా అని పిల్ల తండ్రి వైపు నుంచి అడుగుతారు. దానికి పెళ్ళికొడుకు, పురోహితుడు అందిస్తుంటే, "నాతిచరామి" అంటాడు. అంటే, అతిక్రమించను అని. ఆమెని దాటి వెళ్ళను అని.

ఆ మాట అనేది పెళ్ళికొడుకు. పెళ్ళికూతురు కాదు. మంత్రాలూ నోములూ ఎప్పుడూ ఆడవాళ్ళ మెడకే అనుకుంటాం గానీ, పెళ్ళిపీటల మీద అంత స్పష్టంగా నోరు తెరిచి మాటిచ్చింది మగపిల్లవాడే. ఆ మాటకి అర్థం తెలిసి అన్నవాళ్ళు ఎంతమంది? మా ఆయన్ని అడిగితే, "అప్పుడు పొగకి కళ్ళు మండుతున్నాయి, పంతులుగారు ఏం అనమంటే అదన్నాను" అని నిజాయితీగా ఒప్పుకున్నారు. బాగానే ఉంది. మాటిచ్చినవాడికి పొగలో ఏమీ వినపడలేదు. మాట ఇవ్వనిదానికేమో పదకొండు మంది చెవిలో చెప్పారు!

ఏడడుగుల సంగతీ అంతే. మన 1955 హిందూ వివాహ చట్టం కూడా, సప్తపది ఆచారమున్న పెళ్ళిళ్ళలో ఏడో అడుగు కలిసి వేయగానే పెళ్ళి పూర్తయినట్టే అంటుంది. ఆ ఏడో అడుగు స్నేహం కోసమని చెప్తారు. స్నేహితుల్లో ఒకరే ఎప్పుడూ సర్దుకుపోతారా? అలా ఉంటే దాన్ని స్నేహం అంటామా? మన పక్కింటి క్రైస్తవుల పెళ్ళిలో ఇద్దరూ ఒకే రకం ప్రమాణం ఒకరి తర్వాత ఒకరు చేస్తారు. ముస్లింల నిఖాలో పెళ్ళికూతురి ఒప్పుదల అడిగి తీరాలి, మహర్ ఆమె హక్కు. ఏ మతంలో చూసినా పెళ్ళంటే ఇద్దరి మధ్య మాట. దాన్ని ఒకరి ఓర్పుకి పరీక్షగా మార్చింది మనమే. మనమంటే, ముఖ్యంగా, పసుపూ కుంకుమా పట్టుకుని సలహాలిచ్చే మన ఆడవాళ్ళమే.

"మీలాంటివాళ్ళు ఇలా మాట్లాడబట్టే విడాకులు ఎక్కువయ్యాయి. మన అమ్మమ్మలకి ఉన్నాయా ఈ గోలలు?" అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. సరే, అమ్మమ్మల దగ్గరికే వెళ్దాం.

మా అమ్మమ్మా తాతయ్యలది యాభై ఎనిమిదేళ్ళ కాపురం. తాతయ్యకి అరవై నిండాయని షష్టిపూర్తి ఘనంగా చేశారు. ఊరంతా భోజనాలు చేసి, "ఆదర్శ దంపతులు" అన్నారు. అమ్మమ్మకి అరవై ఎప్పుడు నిండాయో ఎవరికీ గుర్తులేదు, ఆవిడతో సహా. తాతయ్య ఆవిడని "ఇదిగో" అని పిలవడమే విన్నాం గానీ పేరుతో పిలవగా వినలేదు. కోపమొస్తే వారాల తరబడి మాట్లాడేవారు కాదు. ఏం కావాలన్నా పిల్లల చేత కబురు. ఎదురుగా పీట మీద కూర్చున్న మనిషికి, "మీ అమ్మమ్మని మజ్జిగ పొయ్యమను" అని నా చేత చెప్పించేవారు.

ఒక వేసవిలో చింతపండు గింజలు తీస్తూ అడిగాను, "నీకెప్పుడూ వెళ్ళిపోవాలనిపించలేదా అమ్మమ్మా?" అని. ఆవిడ చేతిలో పని ఆపలేదు. "ఎక్కడికి పోతానే? పుట్టిల్లు అన్నదమ్ములది. ఈ ఇల్లు మీ తాతయ్యది. నాదంటూ ఏముంది, ఈ కత్తిపీట తప్ప?" అంది.

ఆవిడ పెళ్ళినాటికి మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1949లో అక్కడ చట్టం వచ్చేదాకా హిందూ మగవాడు ఒకరుండగా ఇంకొకరిని పెళ్ళాడినా చట్టం అడ్డు చెప్పేది కాదు. కులాచారం ఒప్పుకున్న కొన్ని కులాల్లో తప్ప హిందూ భార్యకి విడాకులనే దారే లేదు. దేశమంతటికీ ఒకే చట్టం 1955లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉండాలని మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం సవరించింది 1986లో. దేశమంతటా ఆ సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. అప్పటికి మా అమ్మమ్మ లేనే లేదు.

తలుపులన్నీ బయటి నుంచి గడియ పెట్టేసి, "చూడు, లోపలున్నావిడ ఎంత నిలకడగా ఉందో" అని మెచ్చుకోవడం ఎలాంటి న్యాయం? అమ్మమ్మ కాపురం నిలబడింది నిజమే. నిలబడటం, నిలబెట్టుకోవడం ఒకటి కాదు. పాతకాలంలో మనసు కలిసిన జంటలు లేరని నేననను. మా నాయనమ్మ వాళ్ళ ఎదురింట్లో అలాంటి జంట ఒకటుండేది. ఆయన రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పొలం లెక్కలన్నీ భార్యకి చెప్పేవాడు, ఆవిడ తప్పులు పట్టేది. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని "ఆడంగి" అని వెక్కిరించేవారట. చూశారా, మంచి కాపురం కళ్ళెదుట కనబడితే మనవాళ్ళు పెట్టిన పేరు అది!

ఇక నా సంగతి. ఇది ఇన్నాళ్ళూ రాయలేదు. మా ఆయన చదివి, "రాయి, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాకే రాస్తున్నాను.

మా పెళ్ళయిన ఆరో ఏడాది. ఒక మధ్యాహ్నం రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. మా ఆయన స్నేహితుడొకడు తీసుకున్న అప్పుకి ఈయన ష్యూరిటీ సంతకం పెట్టారు. ఆ స్నేహితుడు కట్టడం మానేశాడు. మూడు లక్షలు. అప్పట్లో ఆయన రెండేళ్ళ జీతం. సంతకం పెట్టి అప్పటికి ఏడాదిన్నర దాటింది. పక్కనే పడుకుని ఏడాదిన్నర చెప్పని మాట నాకు పోస్ట్‌మ్యాన్ చెప్పాడు.

అమ్మకి ఫోన్ చేసి ఏడిచాను. అమ్మ వెంటనే అడిగిన మాట, "తాగొచ్చి కొట్టాడా?" లేదన్నాను. "ఇంకో ఇల్లు పెట్టాడా?" లేదన్నాను. "మరింకేం? డబ్బు వ్యవహారాలు మగవాళ్ళకి ఉంటూనే ఉంటాయి. సర్దుకుపో" అంది. మా అత్తగారూ అదే అన్నారు. నా గాజులు నాలుగూ తాకట్టుకి వెళ్ళాయి. నేను సర్దుకుపోయాను.

ఎంత బాగా సర్దుకుపోయానంటే, పదకొండు నెలలు ఒక్క మాట అనలేదు. వేళకి వండాను, టిఫిన్ డబ్బా కట్టాను, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేశాను. "బంగారంలాంటి పిల్ల, ఇంత జరిగినా ఒక్క మాట అనలేదు" అని ఇటువాళ్ళూ అటువాళ్ళూ మెచ్చుకున్నారు. నిజమే, ఒక్క మాట కూడా అనలేదు. పాలవాడితో మాట్లాడినంత కూడా ఆయనతో మాట్లాడలేదు. పైగా ఆయనకి తెలియకుండా డబ్బు దాయడం మొదలుపెట్టాను. కూరల్లో మిగిల్చింది, చీటీ పాటలో మిగిల్చింది, అన్నీ పాత పోపుల డబ్బాలో. ఆయన అప్పు దాచారు, నేను పొదుపు దాచాను. తేడా ఏముంది చెప్పండి?

ఒకరోజు డబ్బాలో నోట్లు పెడుతూంటే వెనకాల మా పెద్దాడు నిలబడి ఉన్నాడు. ఐదేళ్ళవాడు. నా చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించి, "నాన్నకి చెప్పకూడదు కదమ్మా?" అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. మా కాపురం నుంచి వాడు నేర్చుకున్నది అదా అనిపించింది. వాడికి నేను ఓర్పు నేర్పుతున్నాననుకున్నాను. నేను నేర్పింది దాయడం.

ఆ రాత్రి పెళ్ళయ్యాక మొదటిసారి గట్టిగా గొడవపడ్డాను. "మీరు పెట్టింది ష్యూరిటీ సంతకం ఒకటే కాదు, నన్ను దాటి పోను అని నలుగురి ముందు మాట కూడా ఇచ్చారు. మూడు లక్షలు పోతే పోయాయి, నాకు చెప్పకపోవడం ఏంటి?" అన్నాను. ఆయనకీ కోపమొచ్చింది. మూడు రోజులు ముఖం చూపించలేదు. ఇంట్లో అందరూ, "ఇన్నాళ్ళూ బాగానే ఉన్నారు కదా, ఇప్పుడేం మాయరోగం?" అన్నారు.

నాలుగో రోజు రాత్రి ఆయన బ్యాంకు పాసు పుస్తకాలు, ఎల్‌ఐసి కాగితాలు, ఆ అప్పు తాలూకు కాగితాలు అన్నీ తెచ్చి మంచం మీద పెట్టారు. నేను లేచి పోపుల డబ్బా తెచ్చి పక్కన పెట్టాను. ఆయన దాన్ని విప్పి చూసి చాలాసేపు మాట్లాడలేదు. "నా మీద నమ్మకం ఇంతగా పోయిందా?" అన్నారు చివరికి. అవునన్నాను. ఆ 'అవును' అనడం ఆ పదకొండు నెలల మౌనం కంటే కష్టమైంది నాకు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు కట్టుబాట్లు. ఇద్దరికీ తెలియకుండా ఏ కాగితం మీదా ఎవరూ సంతకం పెట్టకూడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇద్దరం కూర్చుని లెక్కలు చూడాలి. మూడోది ఆయన అడిగారు. "మన మధ్య ఏం జరిగినా నాకంటే ముందు మీ అక్కకి ఫోన్‌లో చెప్తావు. అది మానెయ్యి" అన్నారు. నిజమే, ఆ తప్పు నాది. మా అక్కకి కోపం వచ్చినా మానేశాను. అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది. గాజులు రెండే వెనక్కొచ్చాయి. లెక్కలు చూసే ఆదివారం ఇప్పటికీ ఒక్కోసారి పోట్లాటతోనే ముగుస్తుంది. కానీ మా పెద్దాడు మళ్ళీ ఎప్పుడూ "నాన్నకి చెప్పకూడదు కదా" అనలేదు.

ఇందుకే అంటున్నాను, మా కాపురాన్ని కాపాడింది నా ఓర్పు కాదు. నా ఓర్పు దాన్ని దాదాపు ముంచేసింది.

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' చాలామంది చదివే ఉంటారు. 1910లో వచ్చిన కథ. భోగంమేళాలకి మరిగి అర్ధరాత్రి ఇల్లు చేరే భర్త. భార్య కమలిని పుట్టింటికి వెళ్ళిపోతున్నట్టు ఉత్తరం రాసిపెట్టి, మంచం కింద దాక్కుంటుంది. ఆయనకి గుండె జారిపోతుంది, బుద్ధొస్తుంది. నూట పదేళ్ళు దాటిన ఆ కథలో భార్య నోరు మూసుకుని సర్దుకుపోలేదు, కాపురం వదిలేసి పోనూ లేదు. ఉన్న చోటే ఉండి దిద్దింది. ఆయన కథకి 'సర్దుబాటు' అని పేరు పెట్టలేదు, 'దిద్దుబాటు' అని పెట్టారు. మనం ఇంకా పీట మీద కూర్చోబెట్టి సర్దుబాటే నేర్పుతున్నాం.

"మీకేం, మీ ఆయన మంచివాడు కాబట్టి విన్నాడు. వినకపోతే?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వినేవాడో కాదో నోరు విప్పితేనే గదా తెలిసేది? విన్నాక కూడా మారనివాడైతే, ఆ సంగతి పాతికేళ్ళకి కాక ఐదేళ్ళకే తెలియడం మంచిది. చెయ్యి చేసుకునేవాడి దగ్గర, కట్నం కోసం పీడించేవాళ్ళ దగ్గర దిద్దుబాటు మాట కూడా నేనెత్తను. అది కాపురంలో తేడా కాదు, నేరం. అక్కడ "సర్దుకుపో" అన్నవాళ్ళకీ ఆ నేరంలో భాగం ఉంటుంది. 2005లో వచ్చిన గృహహింస చట్టం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఆ ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఇచ్చింది. 181 అనే నంబరు ఆడవాళ్ళ సాయానికే ఉంది. అక్షింతలు వేసేటప్పుడు ఆ పిల్లకి ఇవి కూడా ఒక్కరైనా చెప్తే బాగుండును.

ఇంకొకటి. సర్దుకుపోవడం పెద్ద పెద్ద కష్టాల్లోనే ఉంటుందనుకోకండి. రోజూ గిన్నెల దగ్గర ఉంటుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం మనవాళ్ళు రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో సర్వే చేసింది. అప్పట్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టేవారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అదైనా, ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు అప్పటికి నూటికి 26 మందే. ఐదు గంటలు నిలబడి చేసిన మనిషి రాత్రి పదింటికి ముభావంగా ఉంటే, "నీకు ఈమధ్య ప్రేమ తగ్గింది" అంటారు. ప్రేమ తగ్గలేదు నాయనా, కాళ్ళు లాగుతున్నాయి. ఎంగిలి పళ్ళాలు తీసి సింకులో వేసే చెయ్యి ఇంకొకటి ఉంటే ఆ ప్రేమ పదకొండింటి దాకా మేలుకునే ఉంటుంది.

పెళ్ళయ్యాక మూడు నిద్రలకి కొత్త దంపతులు మా అక్క వాళ్ళింటికి వచ్చారు. నేను చెప్తానన్న నాలుగు మాటలు పెద్దమ్మ మరిచిపోలేదు. "ఏదీ, ఇప్పుడు చెప్పు మరి" అంది, కాస్త ఎత్తిపొడుపుగానే. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాను.

"ఒకటి, ఒకరికి తెలియకుండా ఒకరు డబ్బు ఇవ్వద్దు, తేవద్దు, దాయద్దు. రెండు, మీ అమ్మ గురించి నువ్వు మాట్లాడు బాబూ, మా అక్క గురించి ఇది మాట్లాడుతుంది. ఎవరి పుట్టింటివాళ్ళకి చెప్పాల్సింది వాళ్ళే చెప్పుకోవాలి. మూడు, గొడవ వస్తే గొడవపడండి, కానీ మూడోవాళ్ళకి ఫోన్ చేసే ముందు ఒక్క రాత్రి ఆగండి. 'విడాకులిచ్చేస్తా', 'వెళ్ళిపోతా' అనే మాటలు బెదిరింపుకి వాడద్దు. నాలుగు, ఇంట్లో పని ఎవరిదీ సాయం కాదు, ఇద్దరిదీ. నువ్వు కూర తరిగితే 'హెల్ప్ చేశాను' అనకు. నీ ఇంట్లో నువ్వు తింటావు, నీ కూర నువ్వు తరిగావు, అంతే."

అబ్బాయి బుద్ధిమంతుడే. కాస్త సిగ్గుపడి, "అత్తయ్యగారూ, మరి ఓర్పుగా ఉండమని చెప్పరా?" అన్నాడు నవ్వుతూ.

"చెప్తాను బాబూ, నీకే చెప్తున్నాను. ఓర్పుగా ఉండు" అన్నాను. మా అక్క కూతురు పకపకా నవ్వింది. మా పెద్దమ్మ మాత్రం, "దీనికి మొదట్నించీ నోరెక్కువే" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళింది. కాసేపటికి బయటికొచ్చి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్న పెదనాన్నని, "ఆ గ్లాసులు కాస్త లోపల పెట్టండి" అంది. పెదనాన్న ఆశ్చర్యపోయి అటూ ఇటూ చూసి, లేచి పెట్టారు.

ఇది చదువుతున్నవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. ఈసారి మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో పెళ్ళి కుదిరితే, అక్షింతలు వేసే మీ చేతిని ఒక్క క్షణం ఆపండి. సర్దుకుపొమ్మని ఆ పిల్లకి చెప్పకండి. మీకు కొడుకుంటే వాడిని ఇవాళే పిలిచి కూర్చోబెట్టి, రేపు పీటల మీద వాడు అనబోయే "నాతిచరామి" అన్న మాటకి అర్థం చెప్పండి. పొగలో అర్థం తెలియకుండా అనేసి, ఇరవై ఏళ్ళ తర్వాత పోస్ట్‌మ్యాన్ చేత తెలుసుకునే అవసరం ఏ ఆడపిల్లకీ రాకూడదు.

మా పెద్దాడికి ఇప్పుడు ఇరవై మూడు. నిన్న రాత్రే మొదలుపెట్టాను.